బయటికి తెరుచుకునే తలుపులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరందరికీ చెప్పేవారు. ఉంటుంది, కాదనను. అయితే ఖరగ్‌పూర్ మైదానంలో చిన్న పరిశ్రమల ప్రదర్శన పెట్టిన ఆ చలికాలంలో నా కోపమే పదిమందికి పనికొచ్చింది. ఆ మాట మాత్రం ఆయన ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

మేముండేది ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లో. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. బోగీలకు తలుపులు, కిటికీలు చేసి బిగించడం ఆయన పని. మా వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా దాదాపు అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళాక ఆడవాళ్ళం మా వరండాలో చేరి అప్పడాలు ఒత్తేవాళ్ళం. పిండి దంచడం, కారం కలపడం మాత్రం మా ఆడపడుచు వంతు. ఆ పని ఇంకెవరు చేసినా ఆ రుచి వచ్చేది కాదు.

ఈమె మా ఆయనకు ఆఖరి చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు, కన్నవాళ్ళూ లేరు, అందుకని మా దగ్గరికే వచ్చింది. వచ్చిన కొత్తలో రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఇద్దరి వంతూ నేనే మాట్లాడేదాన్ని. మెల్లమెల్లగా బజారుకి రావడం మొదలుపెట్టింది, బెంగాలీ పట్టుకుంది, చేపలమ్మే దీదీతో బేరాలు కూడా ఆడేది. ఒకరోజు ఆ దీదీ ఏదో అంటే పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకు అదే మొదలు, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

దసరాకి ఆమె బావగారు, అంటే పోయిన భర్తకు అన్నగారు, ఊరి నుంచి వచ్చారు. చెప్పులు విప్పుతూనే సంగతి చెప్పేశారు.

“మా ఇంటి కోడలు ఊరుగాని ఊర్లో ఉంటే నలుగురూ నాలుగు మాటలంతన్నారు. కోతలైపోనీండి, వొచ్చి తీసుకెళ్ళిపోతాను. ఇంట్లో పనికి మనిషి కూడా లేదు” అన్నారు.

ఆఖరి మాటే అసలు మాట. పశువుల దగ్గరా పొయ్యి దగ్గరా జీతం అడగని మనిషి కావాలి ఆయనకు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడపడుచు వంటింటి గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నది. ఆ పూట అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండానే లేచిపోయింది.

ఆయన బండెక్కాక నేను మా ఆయన్ని పట్టుకున్నాను. “బెల్లం కొట్టిన రాయిలా అలా కూకుండిపోయినారేటి? ఆ పిల్ల మొకం సూస్తే తెల్లేదా, ఎల్లడం ఇష్టం లేదని?”

“నానేటి సెయ్యగలనే? అత్తోరి హక్కంటారు. అదే, దానికిక్కడ ఉజ్జోగం ఉందనుకో, ఎవుడూ నోరెత్తలేడు” అన్నారాయన.

ఆ మాట నా బుర్రలో పడింది. మావాళ్ళకు ఉద్యోగం అన్న మాటకు తిరుగులేదు. డ్యూటీ ఉందంటే తోడబుట్టిన వాళ్ళ పెళ్ళికి రాకపోయినా ఎవరూ నొచ్చుకోరు. వర్క్‌షాపు క్యాంటీన్‌లో ఆమెకు పని దొరికితే చాలు, కనీసం అప్పడాలు వేసే పనైనా సరే. క్యాంటీన్ మేనేజరు ఒక బెంగాలీ పెద్దమనిషి. నేను వెళ్ళి అడిగితే, “చూద్దాం దీదీ” అన్నాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే మాట. నోట్లో అప్పడం పడితే తప్ప ఆ మనిషి కదలడని తెలిసిపోయింది.

అంతలో ప్రదర్శన కబురొచ్చింది. తాల్‌బగీచా నుంచి చాపలల్లేవాళ్ళు, హిజ్లీ కాలేజీ నుంచి యంత్రాల నమూనాలు, ఇంకా కుట్టుపనులవాళ్ళు, కుర్చీలవాళ్ళు, అందరూ వస్తారన్నారు. క్యాంటీన్ మేనేజరు కూడా ప్రదర్శన కమిటీలో ఉన్నాడు, రోజూ వచ్చి తీరతాడు. మా వీధి ఆడవాళ్ళ తరఫున ఒక స్టాలు అడిగాను, ఇచ్చారు. ఇక స్టాళ్ళు కట్టే పని బోగీల వడ్రంగులే తలకెత్తుకున్నారు, డ్యూటీ అయ్యాక సాయంత్రాలూ, ఆదివారాలూ.

అక్కడే చిక్కొచ్చింది. నిప్పుల సంగతి చూసే ఫైర్ ఆఫీసరు మైదానం అంతా తిరిగి, గుడ్డ పందిళ్ళలో పొయ్యి వెలిగిస్తే ఒప్పుకోనన్నాడు. “ఆగ్ నహీ చలేగా, దీదీ. అప్పడాలు పొట్లాలు కట్టి అమ్ముకోండి” అన్నాడు. పచ్చి అప్పడం చూసి ఎవరు రుచి చెప్పగలరు? నాకు వచ్చిన హిందీ, రాని హిందీ కలిపి ఆయనతో వాదించాను. చివరికి విసిగిపోయి, “నిప్పంటుకోని స్టాలు కట్టి నాకు చూపించండి. చూశాకే చెబుతాను” అన్నాడు.

ఆ మాటతో మా ఆయనకు పట్టుదల వచ్చింది. సుద్దముక్క తీసుకుని మా వరండా గచ్చు మీదే గీశారు. ఒక చివర తలుపులోంచి జనం రావాలి, పక్కగా నడుస్తూ పిండి ఒత్తడం, వేయించడం చూడాలి, తిని రెండో చివర తలుపులోంచి పోవాలి. అచ్చం బోగీయే. గుడ్డలూ గోనెపట్టాలూ వద్దన్నారు. గోడలకు రేకులు, గుంజలకు తాళ్ళ బదులు బోల్టులు. పొయ్యి ఇటుకల అరుగు మీద, జనానికీ దానికీ మధ్య నడుమెత్తు కమ్మీల అడ్డు. కరెంటు తీగలు గొట్టంలోంచి పోవాలి. ఇసుక బకెట్లు చేతికందేలా ఉండాలి. ఆ నడవ ఎంత వెడల్పుండాలో తేల్చడానికి నన్నూ ఆడపడుచునూ బుట్టలు పట్టుకుని ఎదురెదురుగా నడిపించారు. గోడకు రాసుకోకుండా మేం తప్పుకోగలిగేదాకా గీత చెరిపి గీత గీశారు. ఆయన మీద ఎంత కోపం ఉన్నా, అలా మోకాళ్ళ మీద పాకుతూ చెల్లెలి కోసం గీతలు గీసే మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది.

స్టాలు లేచింది. చూడటానికొచ్చిన వాళ్ళంతా దాన్ని అప్పడాల బోగీ అన్నారు. పక్కన వరసలో మిగతా వడ్రంగులు కట్టినవీ అలాగే నిగనిగలాడుతున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను గిన్నెలూ సామానూ సర్దడానికి వెళ్ళాను. రెండు చేతులా పళ్ళెం పట్టుకుని బయటికి వస్తూ తలుపును తుంటితో తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. పళ్ళెం కింద పెట్టి చూస్తే, తలుపు లోపలికి లాగాలి.

“ఇదేటండీ, తలుపు లోపలికి తెరుసుకుంటాది?” అన్నాను.

“మరెటు తెరుసుకోవాలి? తలుపన్నాక లోపలికే.”

“మనుషులెళ్ళేది బయటికి కదా.”

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. “నీకేటి తెలుసే? బోగీ తలుపు బయటికి తీస్తే ప్లాట్‌ఫారానికి కొట్టుకోదేటి? ఇన్నేళ్ళుగా బిగిస్తన్నాను, నువ్వొచ్చినావు నేర్పడానికి” అన్నారు. పక్క స్టాలు వాళ్ళు కూడా, “బాగా సెప్పినావు మావా” అంటూ నవ్వారు.

నవ్వులు వింటే నేను ఊరుకుంటానా? సైకిల్ మీద పోతున్న ఒకాయన్ని ఆపి మా వీధికి కబురు పంపాను. బోగీ చూద్దురు గాని రండి అంటే ఆడవాళ్ళంతా చంకల్లో పిల్లలతో సహా వచ్చేశారు. అందరినీ స్టాల్లోకి ఎక్కించాను. మా ఆయన్ని రెండో తలుపు దగ్గర, లోపలి వైపే నిలబెట్టాను. “నూనె అంటుకుందనుకోండి. మేం పరిగెట్టుకొస్తాం. మీరు తలుపు తియ్యండి, సూద్దాం” అన్నాను.

“తీస్తాను. అదేటి పెద్ద పనా?” అన్నారు.

ఆడపడుచు పొయ్యి దగ్గర నిలబడింది. “నిప్పని అరువమ్మా” అన్నాను. “నిప్పు” అన్నది, తనకే వినపడనట్టు. “ఆ గొంతుకి సీమ కూడా కదల్దు. గట్టిగా అరువ్” అన్నాను. అప్పుడరిచింది చూడండి. ఇన్నేళ్ళూ మింగిన మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డట్టు అరిచింది. మైదానంలో పడుకున్న కుక్క లేచి పారిపోయింది. ఆడవాళ్ళందరూ తలుపు మీద పడ్డారు. మా ఆయన గడియ తీశారు గానీ లాగడానికి చోటేదీ? వెనక నుంచి తోస్తుంటే ఆయన తలుపుకు అతుక్కుపోయారు, పిడి పొట్టలో గుచ్చుకుంది. “ఒగ్గండి, ఎనక్కెళ్ళండి” అని ఆయన అంటూనే ఉన్నారు, నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. ఒక చంటిపిల్ల మాత్రం ఊపిరాడక గుక్కపట్టింది. దాంతో అందరి నవ్వూ ఆగిపోయింది.

జనం వెనక్కి జరిగాక ఆయన తలుపు తీసి బయటికొచ్చారు. మొహం పాలిపోయి ఉంది. ఆ తలుపును ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపి, “బండిలో ఎవుడూ ఇలాగ తొయ్యడే” అన్నారు మెల్లగా.

“ఇది బండి కాదండి. ఇది కదల్దు” అన్నాను.

ఆయన సంచిలోంచి పనిముట్లు తీసి తలుపు మడతబందులు ఊడదీయడం మొదలుపెట్టారు. పక్క స్టాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి తమ తలుపులు లాగి చూసుకున్నారు. వరసలో ఒక్కటంటే ఒక్కటి కూడా బయటికి తెరుచుకోలేదు. జీవితమంతా బోగీలకు తలుపులు బిగించిన చేతులవి, మరోలా బిగించాలని ఏ చేతికీ తోచలేదు. ఆ సాయంత్రం మైదానం అంతా సుత్తి మోతే. ఫైర్ ఆఫీసరు వచ్చినప్పుడు ఒంటి చేత్తో తోసి చూశాడు, తలుపు హాయిగా తెరుచుకుంది. “ఠీక్ హై” అన్నాడు. బాణలికి సరిపడే మూత పక్కనే ఉండాలనీ, వేయించే మనిషి నూలు చీరే కట్టుకోవాలనీ చెప్పి వెళ్ళాడు.

ప్రదర్శన మొదలైంది. జనం విరగబడ్డారు. ఆడపడుచు పొయ్యి దగ్గర, నేను పంచే దగ్గర. క్యాంటీన్ మేనేజరు మాత్రం ప్రతిరోజూ యంత్రాల వైపే వెళ్ళేవాడు. నేను రెండుసార్లు చెయ్యూపి పిలిచినా చూడనట్టే పోయాడు. ముగింపుకు ముందు రోజు సాయంత్రం ఎట్టకేలకు మా బోగీ ఎక్కాడు.  సరిగ్గా అప్పుడే, ఆ మనిషి చేతిలో అప్పడం పెట్టబోతుండగా, బాణలిలో నూనె భగ్గుమంది.

 ఎప్పుడూ నోరు మూయని నేనే కొయ్యబారిపోయాను. ఆడపడుచు మూత తీసి బాణలి మీద వేసింది, పొయ్యి ఆర్పింది. తర్వాత జనం వైపు తిరిగి, బెంగాలీలో, గట్టిగా, పరుగెత్తకుండా బయటికి నడవమన్నది. ముందున్న ముసలాయన భుజంతో తోశాడు, తలుపు తెరుచుకుంది, ఒకరి వెనక ఒకరు మైదానంలోకి దిగిపోయారు. ఎవరికీ గీత కూడా పడలేదు. పొగ తగ్గాక చాలామంది నవ్వుతూ తిరిగొచ్చారు కానీ, మేనేజరు మాత్రం రాలేదు. అటు నుంచి అటే వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ నేను ఏడ్చేశాను. నిప్పు ఎగసిన పొయ్యి దగ్గర మనిషికి పని ఎవరిస్తారు? పైగా ఆమె బావగారు మర్నాడు వస్తున్నారని కబురు కూడా అందింది. “ఏడవకొదినా. రేపు పిండి ఎక్కువ కలపాల, జనం శానామంది వొస్తారు” అన్నదా పిల్ల. ఆమె నాకు ధైర్యం చెప్పడం అదే మొదటిసారి.

చెప్పినట్టే ఆఖరి రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం వేళ మేనేజరు వరసలో కనపడ్డాడు. నేను ఉండబట్టలేక, “నిన్న చెప్పకుండా వెళ్ళిపోయారే, దాదా” అన్నాను.

“పైవాళ్ళని అడగొద్దా, దీదీ? నిన్న అడిగొచ్చాను” అన్నాడు. అప్పడం విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, ఆడపడుచు వైపు తిరిగాడు. “నూనె అంటుకుంటే మావాళ్ళు నీళ్ళు పోస్తారు. నువ్వు మూతేశావు. క్యాంటీన్‌లో పొయ్యి దగ్గర మనిషి కావాలి. రోజూ రాగలవా?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె, “వస్తాను, దాదా. రేపటి నుంచే వస్తాను” అని బెంగాలీలో చెప్పేసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను.

అప్పటికే ఆమె బావగారు స్టేషను నుంచి నేరుగా వచ్చి, జనాన్ని తోసుకుంటూ పొయ్యి ముందున్న కమ్మీల దాకా చేరారు. మెళ్ళో ఉత్తరీయం, చేతిలో సంచి.

“ఏటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? బట్టలు సర్దుకున్నావా? పొద్దున్నే బండి” అన్నారు.

ఆమె బాణలి మీంచి చూపు తిప్పలేదు. చేతిలో అప్పడాన్ని నూనెలోకి జార్చి, అది విచ్చుకునేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

“నాను రాను, బావగారూ. నాకు రేపట్నుంచి డ్యూటీ. అప్పడం కావాలంటే వరసలో నిలబడండి, ఈళ్ళందరూ శానాసేపట్నుంచి నిలబడి ఉన్నారు.”

ఆయన నా వైపు చూశారు. తలుపు దగ్గర జనాన్ని పంపుతున్న మా ఆయన వైపు చూశారు. నేను తర్వాతి మనిషికి అప్పడం అందించాను. బావగారు సంచి భుజానికి తగిలించుకుని, నడవ పొడుగునా వెనక్కి వెళ్ళి, ఒక రైల్వే ఖలాసీ వెనకాల వరసలో నిలబడ్డారు.