కోదాడ పెళ్లిలో సింగపూర్ వంటిల్లు

సూర్యాపేటలో కూర్చుని సింగపూర్ కంపెనీకి పని చేస్తానంటే చాలామంది నన్ను ఎగాదిగా చూసేవారు. 2012 ఎండాకాలం సంగతి ఇది. అక్కడి ఫ్లాట్లలో కట్టే వంటిళ్లకు కంప్యూటర్‌లో డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. పొయ్యి ఎక్కడుండాలి, అరలు ఎంత లోతుండాలి, సింకు ఎంత ఎత్తులో పెట్టాలి, అన్నీ నేనే గీస్తాను కానీ వాటిలో ఒక్క వంటింట్లోనూ గ్లాసెడు నీళ్లు తాగిన పాపాన పోలేదు. మూడు నెలల ట్రయల్‌లో అది చివరి వారం. ఆ రోజు మన టైం ప్రకారం పదకొండున్నరకు మొదటిసారి నేనే ఒక క్లయింటుకు డ్రాయింగ్ వివరించాలి. ఆవిడ ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే నెలాఖరుతో చెల్లు. ఇలాంటి పని ఇంకోటి కావాలంటే హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండాలి. ఎరువుల దుకాణం నడుపుకునే మా ఆయన్నీ, ఎల్‌కేజీ చదివే కూతుర్నీ వదిలి వెళ్లడం నావల్ల కాదు.

చిక్కేమిటంటే, ఆ వారం మా పేటలో కరెంటు కోత పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా, మళ్లీ రెండు నుంచి ఆరు దాకా. కోదాడలో మాత్రం కోత మధ్యాహ్నం పూట అని అక్కడ ఇంటర్నెట్ సెంటర్ నడిపే సత్యం గారు ఫోన్లో చెప్పారు. కరెంటు మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి పోవాలి కదా. పొద్దున పూట కోదాడలో, మధ్యాహ్నం నుంచి మిర్యాలగూడలోని మా ఆడబిడ్డ ఇంట్లో, చీకటి పడేలోగా మళ్లీ ఇంటికి అని లెక్క వేసుకుని ఏడున్నరకు విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు ముప్పై చిల్లర, ప్రయాణం గంట. పొద్దుటి బస్సుల్లో కోదాడ దాకా సీటు దొరకడం కష్టం, నేను మునగాల దాకా నిలబడే వెళ్లాను. ఒళ్లో బిడ్డను పట్టుకున్నట్టు లాప్‌టాప్ సంచిని పట్టుకున్నాను.

సత్యం గారి సెంటర్లో గంటన్నర పని బాగానే సాగింది. పదింటికి చెప్పాపెట్టకుండా కరెంటు పోయింది. ఆయన ఇన్వర్టర్ కాసేపు మూలిగి ఆగింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ముసలిది, అరగంటకు మించి నిలవదు. నా మొహం చూసి ఆయనకు జాలేసినట్టుంది. "పక్క ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతోందండి. పెద్ద జనరేటర్ పెట్టారు. వెళ్లి అడగండి, కాదనరు" అన్నారు.

ఆడపెళ్లివాళ్లది మోతె దగ్గర పల్లె, తరాలుగా గొర్లు పెంచుకునే కుటుంబం. గుమ్మంలో పెళ్లికూతురి తండ్రి మల్లయ్య కనిపించారు. నేను ప్లగ్గు గురించి అడగబోతుండగానే ఆయన నా లాప్‌టాప్, నెట్ కోసం దానికి తగిలించిన డేటా కార్డ్ చూసి, రా బిడ్డా అంటూ నేరుగా స్టేజీ పక్కకు తీసుకుపోయారు. టేబుల్ వేయించారు, ఎక్స్‌టెన్షన్ బాక్సు తెప్పించారు, ఫ్యాన్ నా వైపు తిప్పించారు. ఉప్మా, రెండు గారెలు, చల్లటి మజ్జిగ వచ్చాయి. కోదాడ వాళ్ల మర్యాదే వేరు అనుకుంటూ నేను గారెలు తింటూ అరలు గీశాను.

పదకొండుంపావుకు ఆ మర్యాద ఎవరికోసమో తెలిసింది. ముహూర్తం పదకొండు ముప్పై అయిదుకు. మల్లయ్య వచ్చి, "జర జల్ది పెట్టు బిడ్డా, మావోడు ఆడ ఎదురుసూస్తుండు" అన్నారు. ఆయన కొడుకు నరేష్ బహ్రెయిన్‌లో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. చెల్లెలి పెళ్లికి సెలవు దొరకలేదు. లైవ్ చూపించడానికి వీడియో అతన్ని మాట్లాడుకున్నారు, కానీ అతని కార్డుకు సిగ్నల్ రాక వేరే దాని కోసం వెళ్లి ఇంకా రాలేదు. లాప్‌టాప్‌తో గుమ్మంలో నిలబడ్డ నన్ను అతని మనిషి అనుకున్నారు.

గారెల ప్లేటు పక్కన పెట్టి లేచాను. నేను ఆ మనిషిని కాదనీ, పదకొండున్నరకు సింగపూర్ వాళ్లతో మీటింగ్ ఉందనీ, నా ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉందనీ చెప్పాను. ఆయన కోప్పడలేదు, టేబుల్ ఖాళీ చేయమనలేదు. నా లాప్‌టాప్ వైపు చూపించి అడిగారు: "నీది గూడ పరాయి దేశం సేటేనా? మావోడు పదిహేను దినాలు అడిగితే ఇయ్యలే. మళ్ల అడిగితే గంట ఇచ్చిండట. నువ్వు అడిగినవా బిడ్డా?"

అడగలేదు. మా మేనేజర్ మలర్ సింగపూర్ తమిళావిడ. మూడు నెలల్లో ఆవిడను నేనేమీ అడగలేదు, కరెంటు కోతల మాట కూడా ఎత్తలేదు. ఎత్తితే, ఈమెతో వేగలేం అని పంపించేస్తారని భయం. ఆ రోజు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను: కోదాడ అనే ఊళ్లో ఒక పెళ్లిలో ఉన్నాను, పెళ్లికూతురి అన్న దూరదేశంలో ఉన్నాడు, ఇక్కడ నెట్ ఉన్నది నా ఒక్కదాని దగ్గరే, ఇరవై నిమిషాలు కావాలి. క్లయింటుకు కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను, అంతకు మించి నా చేతిలో లేదు అని జవాబు వచ్చింది.

వీడియో కాల్ కలపగానే నరేష్ తెర మీదికి వచ్చాడు. నీలం యూనిఫారంలో, పైపుల మధ్య, స్టోర్ రూంలో ఉన్నాడు. మైకు ఆపేసుకున్నాడు, పక్కన ఆఫీసు ఉన్నట్టుంది. నేను లాప్‌టాప్ రెండు చేతులా ఎత్తి స్టేజీకి దగ్గరగా పట్టుకున్నాను. తల్లి లేని పిల్ల కాబట్టి పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. మల్లయ్య కింద, నా భుజం పక్కనే నిలబడ్డారు. తాళి కట్టే వేళ అందరూ అక్షింతలు వేశారు. బహ్రెయిన్‌లో నరేష్ కూడా వేశాడు. పసుపు కలిపిన బియ్యం గుప్పిట్లో దాచుకున్నాడు, ఎత్తి తన ముందున్న కంప్యూటర్ తెర మీద చల్లాడు. నాకు కళ్లు మసకబారి, ఒక్క క్షణం లాప్‌టాప్ అటూ ఇటూ అయింది.

తర్వాత బియ్యం బస్తాలు పెట్టిన గదిలోకి వైరు లాక్కుని మీటింగ్‌లో కూర్చున్నాను. బాజాలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. క్లయింటు పెద్దావిడ అదేం చప్పుడని అడిగితే పెళ్లి అని మలరే చెప్పింది. ఆ పెద్దావిడ డ్రాయింగంతా చూసి, పొయ్యిని కిటికీకి దూరం జరిపి సాయంత్రంలోగా పంపితే సంతకం పెడతానంది. ఆవిడ వెళ్లాక మలర్ నాతో, మీ ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ముందే చెప్పుంటే మీటింగులు ఆ వేళకే పెట్టేదాన్ని కదా అంది. సంతోషమో, ఇన్నాళ్లు ఊరికే భయపడ్డానన్న ఉక్రోషమో, నాకు ఏడుపొచ్చింది.

మటన్ కూరతో అన్నం తినే దాకా మల్లయ్య కదలనివ్వలేదు. రెండింటికి మిర్యాలగూడ పల్లెవెలుగు బస్సు ఎక్కాను. హుజూర్‌నగర్ మీదుగా రెండు గంటలు పడుతుంది, టికెట్టు నలభై లోపే. నేరేడుచర్ల దాటాక ఫోన్‌కు నరేష్ మెసేజ్ వచ్చింది, నంబరు వాళ్ల నాన్న ఇచ్చినట్టున్నారు. "అక్కా, మా నాయిన ఏడ్సిండా?" అని ఒక్కటే ముక్క. రెండుసార్లు ఏదో రాసి చెరిపేశాను. చివరికి చూసిందే రాశాను: "లేదు తమ్ముడూ. ఆయన తాళి కట్టుడు సూడనే లేదు. నా పక్కన నిలవడి నిన్నే సూసిండు."

మిర్యాలగూడలో ఆడబిడ్డ ఇంట్లో కరెంటు ఉంది. పొయ్యి జరిపి అయిదింటికల్లా పంపాను, ఉద్యోగం నిలిచింది. దూరంగా ఉన్న యజమాని దగ్గర పని చేసేవాళ్లందరం ఒకే రకం మనుషులమని నాకు ఆ రోజు అర్థమైంది. అయితే నేను సాయంత్రం బస్సెక్కి కూతురి దగ్గరికి పోగలిగాను. నరేష్ ఆ గంట అయ్యాక మళ్లీ పనిలోకి పోయాడు. ఈ దారిలో లాప్‌టాప్‌తో తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డేటా మీ పనికి సరిపడా మాత్రమే వేయించుకోకండి, ఇంకో అరగంట వీడియోకు సరిపడేంత ఎక్కువ ఉంచుకోండి.