తుడిస్తే పోని పసుపు

ఫాల్గుణం వచ్చిందంటే మా ఆర్మూరు చుట్టూ పసుపు ఉడికే వాసన లేస్తుంది. మన్నూ, ఆవిరీ, కాస్త చేదూ కలిసిన వాసన. నిన్న పొద్దున ఆ ఆవిరి ఇంట్లోకి రాగానే పశువుల దవాఖాన లింబాద్రి సారు నా కళ్ళముందు నిలబడ్డాడు. పొట్టి మనిషి, నలిగిన ఖాకీ చొక్కా, బుగ్గన ఎప్పుడూ లవంగం. ఆయన మా ఊళ్ళో ఉన్నది రెండేళ్ళే. నేను బడికి పోయింది రెండో తరగతి దాకే. ఆ తర్వాత చదువంటూ ఏదైనా అబ్బిందంటే అది ఆయన దగ్గర ఒక్క పూటలో అబ్బిందే.

అప్పుడు నేను కొత్త కోడలిని. సిరికొండ నుంచి అత్తగారింటికి వస్తుంటే మా బండి వెనకాలే మోతి నడిచి వచ్చింది. ఎంత తరిమినా పోలేదు. ఈ ఇంట్లో నా పుట్టింటిదంటూ ఉన్నది ఆ కుక్క ఒక్కటే. రెండో ఏడు పసుపు పని నడుస్తుండగా అది తిండి మానేసింది. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు. మేము గోమార్లనేవాళ్ళం. అన్నీ ఏరి కిరసనాయిల్లో వేశాను. చిగుళ్ళు పచ్చగా, కళ్ళు పచ్చగా కనబడుతున్నా ఎవరికీ అనుమానం రాలేదు. ఆ నెలలో మా ఇంట్లో పచ్చగా లేనిదేముంది? మా చేతులు, చీరలు, ఎడ్ల మూతులు, నీళ్ళు తాగే చెంబు. మోతి పడుకునేదే పసుపు ఆరబోసిన కళ్ళంలో.

“పసుపు నాకింది, కడిగితె పోతది,” అంది అత్తమ్మ. కడిగాను. మూడో రోజుకు అది లేచి నిలబడలేకపోయింది. ఉచ్చ చాయ్ డికాషన్ రంగులో పోసింది. “ఇగ బతకది. గుట్ట దిక్కు ఇడిసిపెట్టి రా పో,” అంది అత్తమ్మ. మోతిని గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకుని, గుట్ట దిక్కు కాకుండా దవాఖాన దిక్కు నడిచాను.

సారు పెదవి ఎత్తి చూస్తుంటే, “పసుపు అంటింది సారూ,” అని నేనే ముందు చెప్పాను. ఆయన నవ్వలేదు. “ముందుగాల నువ్వు చేతులు కడుక్కో బిడ్డా,” అని సబ్బు ఇచ్చాడు. తర్వాత తడి దూది నా చేతికే ఇచ్చి, “తుడువు,” అన్నాడు. తుడిచాను. దూది తెల్లగానే ఉంది, చిగుళ్ళు పచ్చగానే ఉన్నాయి. “కింది రెప్ప గుంజి చూడు.” గుంజాను. ఎర్రగా ఉండాల్సిన చోట ఎరుపన్నదే లేదు, పాలిపోయిన మైనంలా ఉంది.

“గిది కళ్ళం పసుపు గాదు. లోపలికెల్లి వచ్చింది. దీని రక్తం ఇరిగిపోతున్నది.”

చెవి కొన నుంచి ఒక చుక్క తీసి, గాజు ముక్క మీద పూసి, నీలం మందు వేసి ఆరబెట్టాడు. చిన్నవి పెద్దగా చూపే ఇత్తడి గొట్టం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. అంతవరకు నన్ను ఏదైనా చూడమని పిలిచినవాళ్ళు లేరు. ఒక కన్ను మూసి చూశాను. గుండ్రటి బిళ్ళలు, లెక్కలేనన్ని. కొన్నిటి కడుపులో రెండేసి, మొనలు కలుపుకున్న వేప పలుకుల్లాంటివి.

“బిళ్ళలు రక్తం. లోపలున్నవి గోమారి నోట్లకెల్లి వచ్చినయి. గవి పెరిగి, బిళ్ళను పగలగొట్టుకొని బయటికొస్తయి. పగిలిన రక్తమే గీ పచ్చదనం.”

ఏరి పారేస్తే అయిపోయిందనుకున్నాను నేను. ఆవగింజంత పురుగు నా మోతి నెత్తుట్లో వాటిచేత కాపురం పెట్టించి పోయింది.

సారు సూది వేశాడు. “మందు గవాటిని చంపుతది. గని దీనికి రక్తం మిగల్లే. నా భీమునిది తీసి ఎక్కియ్యొచ్చు.” భీముడు ఆయన కుక్క, వరండాలో పడుకుని ఉంది. “ఒక్కసారి చూసిన, ఎన్నడు చెయ్యలే. దక్కచ్చు, దక్కకపోవచ్చు. చెయ్యనా?”

కూరలో ఉప్పు వేయడానికి కూడా అత్తమ్మను అడిగే మనిషిని నేను. “చెయ్యుండ్రి,” అన్నాను.

రెండు కుక్కల నెత్తురూ ఒక్కో చుక్క గాజు మీద కలిపి, గడ్డలు కట్టడం లేదని చూసుకున్నాడు. భీముని మెడ నుంచి సీసాలోకి తీశాడు. అంతలో అత్తమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. “మనుషులకే రక్తం దొరుకుతలేదు, కుక్కకు రక్తమా? ఊరు నవ్వుతది సారూ.”

“నవ్వనీ అవ్వా. చేతులు కడుక్కొని జర గీ సీసా పట్టుకో.”

ఏమనుకుందో, పట్టుకుంది. చుక్క చుక్క మోతి కాలి నరంలోకి దిగింది. గడపలో ఉన్న ఎండ గోడ ఎక్కేదాకా ఆమె చెయ్యి దించలేదు. నేను మోతి నాలుకనే చూస్తున్నాను. తమలపాకు నమిలే నోరు మెల్లగా పండినట్టు దానికి రంగు వచ్చింది. చివరికి అత్తమ్మే, గుడిలో మాట్లాడినట్టు, “ఎర్రగైతున్నదే పిల్లా,” అంది.

మోతి ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. రక్తం ఎక్కించిన ఆ వారంలోనే ఒకనాడు అత్తమ్మ వాకిట్లో వెలుతురుకు కూచుని, కంటిరెప్ప కిందికి గుంజి, “నాది గూడ చూడు,” అంది. చూశాను. ఎర్రగానే ఉందన్నాను. “చేతులు సబ్బుతోని కడుక్కున్నవా?” అంది, నమ్మక.

సారుకు బదిలీ అయింది. మళ్ళీ చూడలేదు. రక్తం ఎక్కించడం, గొట్టంలో చూపించడం ఒక ఎత్తు. అంత చదివిన మనిషి నాలాంటిదాన్ని “చెయ్యనా” అని అడిగి, నేను నోరు తెరిచేదాకా ఆగడం ఇంకో ఎత్తు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికి మందు పట్టాలన్నా, పసిపిల్లయినా సరే, అడిగి ఆగుతాను. మా ముని మనవడు ప్రతిసారీ వద్దనే అంటాడు. మందు ఎందుకో చెప్పి, మళ్ళీ అడుగుతాను.