లెగవే ముసలీ

మా పశువుల ఆసుపత్రికి మిరపకాయ కోతకెళ్లే ఒకామె వస్తుండేది. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి నడుం మీద వేసి, "లెగవే ముసలీ" అని తనను తానే అదిలించుకునేది. అక్కడ డాక్టర్ని నేను; ఆ మాట విని నేను కూడా "మామ్మా" అనే పిలిచేదాన్ని. పలికేది.

ఒకసారి తన ఆడకుక్కను తెచ్చింది. "ఏటా ఈని ఈని చిక్కిపోతోంది డాక్టరమ్మా."

"గర్భసంచీ, అండాశయాలూ తీసేస్తాను మామ్మా. ఇక ఈతలుండవు, గర్భసంచీ రోగాలూ ఉండవు. ఇలాంటి కుక్కలు ఎక్కువ కాలం బతుకుతాయి" అన్నాను హుషారుగా.

ఆమె కుక్క చెవులు నిమిరింది.

"నాక్కూడా అన్నీ తీసేశారమ్మా. ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకన్నారు. నెలనెలా ఆ మూడు రోజులూ కోత పని మానక్కర్లేదని నేనూ సరేనన్నా. అప్పుడు నాకు ఇరవై ఆరు. మరి నేనేంటి ఇట్టా అయిపోయాను?"

"ఇప్పుడెంత నీకు?"

"ముప్పై ఎనిమిది."

నాకంటే రెండేళ్లు చిన్నది. అండాశయాల నుంచి ఒంటికి అందే హార్మోన్లు అంత తొందరగా ఆగిపోతే మనిషి ఎముకలు గుల్లబారతాయని నాకు తెలుసు. అది చెప్పకుండా కుక్క ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చాను.

మరుసటి ఏడు ఆమె చేని గట్టు మీద జారిపడి తుంటి విరిగింది. మంచంలోనే పోయింది.

కుక్కను ఇప్పుడు కూతురు టీకాకి తెస్తుంది. మూతి మీద ఒక్క తెల్లవెంట్రుక లేదు. బల్ల మీంచి ఒక్క దూకు దూకుతుంది. చూసినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తుంది. వయసు చెప్పి ఆమె లేవబోతుంటే చెయ్యి అందించాను. అలవాటున నోట్లోంచి "జాగ్రత్త మామ్మా" అనే వచ్చింది.

ఆమె ఎప్పటిలాగే పలికింది.