ట్రెబుల్ తగ్గించాక

పంజాగుట్టలో ఒక చెప్పుల షాపు పైన, మూడో అంతస్తులో ఉండేది మా స్టూడియో. స్టూడియో అనడమే గాని ఒక్కటే గది. మధ్యలో అద్దం, అవతల పాడేవాళ్లు, ఇవతల నేను. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉన్నదాన్ని. ఊరంతా అమీర్‌పేటకి వచ్చి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న రోజుల్లో నేను భక్తి పాటలు మిక్సింగ్ చేసేదాన్ని.

గొంతు, తబలా, వేణువు, తంబూరా విడివిడిగా రికార్డు చేసి, దేనికెంత చోటివ్వాలో సర్ది, చివరికి ఒకే పాటగా బయటికి తీయడం ఆ పని. కష్టం అక్కడ లేదు. నా గదిలో బావున్న పాట బయట ఎక్కడ మోగుతుందో ఎవరికి తెలుసు? గుడి మైకులో కావచ్చు, ఆటోలో కావచ్చు, కంప్యూటర్ పక్కన పెట్టే బుల్లి స్పీకర్లో కావచ్చు. ఎక్కడైనా మాట తెలియాలి, తబలా మోత గొంతుని మింగకూడదు. ఇదంతా నేను చెవి మీద నమ్మకంతోనే చేశాను. నా చెవి బావుందంటే బావున్నట్టే. కాదన్నవాళ్లతో గొడవపడేదాన్ని. గెలిచేదాన్ని కూడా.

ఒక ఏడు కార్తీకమాసానికి ముందు శివుడి పాటల సీడీ పని వచ్చింది. పాడిన అమ్మాయిది నల్గొండ వైపు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ, వీలైనప్పుడు పాడేది. మొదటి చరణంలోనే ఆపాను.

"సివా కాదమ్మా, శివా. నోరు తిరగడం లేదా?"

"శివా అనే అన్న మేడమ్."

"నాకు సివా అని వినపడింది."

"మా దిక్కు సుత శివుడున్నడు మేడమ్. ఆయన పేరు మాకు ఎరుకే."

కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, తెలుగంటే మాదే అన్న పొగరు నాకు ఉండేది. ఆ జవాబుకి నవ్వాను గాని వదల్లేదు. మళ్లీ మళ్లీ పాడించాను. ప్రతిసారీ శకారం మొద్దుగానే వినపడింది. ఇక ఈ పిల్లతో కాదని, గొంతులో శ, స లాంటి సన్నటి శబ్దాలుండే భాగాన్ని మిక్సింగ్‌లో కొంత పెంచాను. చాలలేదు. ఇంకొంత పెంచాను. అప్పుడు తేటగా అనిపించింది. సీడీ రాసి పంపాను.

చేయించుకున్నాయన అమీర్‌పేటలో క్యాసెట్ల షాపు యజమాని. మర్నాడే ఫోన్ చేశాడు.

"మేడమ్, పాట మస్తున్నది. గానీ శ వచ్చినప్పుడల్లా సీటీ కొట్టినట్టు అయితున్నది."

"మీ షాపులో స్పీకర్లు అలాంటివి."

"స్పీకర్లే కాదు మేడమ్. హెడ్‌ఫోన్ల సుత గంతే. కారుల పెడితే చెవుల సూదులు గుచ్చుతున్నట్టే ఉన్నది."

"అయితే మూడూ పాడైనట్టే. మంచివి కొనుక్కోండి భాయ్."

మూడు చోట్ల ఒకే తప్పు వినపడితే ఆ తప్పు పాటదే. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా నా పాటలో తప్పు లేదని చూపించడానికే షాపుకి వెళ్లాను. క్లాసు అయిపోయిందని ఆ అమ్మాయీ వచ్చింది. షాపు బయటి స్పీకర్లలో విన్నాను, బావుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను, బావుంది. వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను.

చివరికి ఆయన తన మారుతీ తలుపు తీశాడు. నేను ముందు, అమ్మాయి వెనక. పాట పెట్టాడు. వెనక నుంచి "అబ్బా" అని వినపడింది. తిరిగి చూస్తే ఆమె ఒక చెవి మూసుకుని ఉంది. ఆయన చెయ్యి చాచి స్టీరియోలో ట్రెబుల్ బటన్ తిప్పాడు. సన్నటి శబ్దాలను తగ్గించే బటన్ అది. చివరిదాకా తిప్పేశాడు.

"ఆఁ, ఇప్పుడు ఓకే," అంది ఆ అమ్మాయి.

"ఇప్పుడేంటి, ఇందాకేంటి?" అన్నాను. "రెండూ ఒకటేగా!"

ఆయన బటన్ మళ్లీ పైకి తిప్పాడు, కిందికి తిప్పాడు. నేను ఆయన వేళ్లనే చూస్తున్నాను. వేళ్లు కదులుతున్నాయి, పాట కదలడం లేదు. అప్పుడు తెలిసింది. భయం వేసిందా అంటే లేదు. ఏమీ వేయలేదు. బయట బస్సులు ఎప్పటిలాగే హారన్లు కొడుతున్నాయి. అవి నాకు శుభ్రంగా వినపడుతున్నాయి.

సోమాజిగూడలో చెవి పరీక్ష చేయించుకున్నాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. ఊరికే కూర్చోబెట్టారని అద్దం మీద తట్టాను.

"మీ మిషన్ ఆగిపోయింది, చూసుకోండి."

"ఆగలేదండీ," అంది టెస్టు చేస్తున్న అమ్మాయి. "వస్తూనే ఉంది."

పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోమని డాక్టరు చెప్పారు. సరేనన్నాను. మెట్లు దిగుతూ, మధ్యాహ్నానికి కూర ఏం చేయాలో ఆలోచించాను.

సీడీ మాత్రం అలాగే ఉంది. షాపాయన ఆ పని ఇంకెవరికో ఇచ్చేయొచ్చు, ఇవ్వలేదు. మరో రెండు రోజులకి ఆ అమ్మాయిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాట నడుస్తుంటే నేను పెంచిన శబ్దాన్ని మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. నాకు అంతా ఒకేలా ఉంది.

"చాలా?"

"ఇంకా జర తగ్గించుండ్రి."

"ఇప్పుడు?"

"గిప్పుడు మంచిగుంది మేడమ్. కాదు కాదు, ఎక్కువ తగ్గింది. జర పైకి."

కాసేపటికి ఆమెని అడగడం మానేసి మొహం చూస్తూ తిప్పాను. ఆమె కనుబొమలు సడలిన చోట చెయ్యి ఆపాను. పాటని బయటికి తీశాను. సీడీ రాశాను. వేడిగా ఉన్న సీడీని కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చాను.

"మీరు కూడా రాండ్రి మేడమ్. షాపాయన కారుల ఒక్కసారి విని చూద్దాం."

"నువ్వు విను," అన్నాను. "నేను గది సర్దుకోవాలి."

గదిలో సర్దడానికేమీ లేదు. ఆమె మెట్లు దిగిన చప్పుడు కింద దాకా విని, స్పీకర్ల స్విచ్ ఆపేశాను.