సుగుణమ్మ గారి గొంతుకు రాసిన లైసెన్స్

2023లో నేను జూబ్లీహిల్స్‌లోని ఒక సినిమా కళాశాలలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. పుస్తకాల పనితో పాటు పాత కళాకారుల జ్ఞాపకాలను రికార్డు చేసి, మా వెబ్‌సైట్‌లో ఓపెన్ యాక్సెస్‌గా పెట్టేవాళ్లం. అంటే రుసుము, పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా వినొచ్చు.

విద్యార్థులు ఎక్కువగా వినేది డబ్బింగ్ కళాకారిణి సుగుణమ్మ గారిని. ఏలూరు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డారు. ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు మేం రికార్డు చేసిన మరుసటి ఏడాదే ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మాట గుసగుసగానే మిగిలింది.

ఒకరోజు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ రికార్డింగులతో కంప్యూటర్‌కు ఆవిడ గొంతు నేర్పి, సినిమాలకూ ప్రకటనలకూ వాడుకుంటారట. లైసెన్స్‌లో, అంటే దేన్ని ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతుల్లో, 'ఉచితంగా వాడుకోవచ్చు' అనే ఉంది. అది రాసిన రోజుల్లో గొంతునే తయారుచేస్తారన్న ఊహ ఎవరికీ లేదు.

ప్రిన్సిపాల్ గారు మెయిల్ చదివి పక్కన పెట్టారు. "లేనిపోని పంచాయితీ ఎందుకమ్మా? వాళ్లకు ఇయ్యొద్దు. మన సైట్ల కూడా మొత్తం తీసెయ్. ఫికర్ ఉండది."

"ఒకసారి ఆవిడను అడుగుతాను సార్."

"సరే. జర జల్ది అడుగు."

యూసుఫ్‌గూడలో వాళ్లింటికి వెళ్లాను. సుగుణమ్మ గారి మాట వినడానికి నేను కుర్చీ దగ్గరికి జరుపుకోవాల్సి వచ్చింది. విషయమంతా విన్నాక అడిగారు. "ఆ మిషను నా గొంతు నాకు తిరిగిస్తుందా, వేరేవాళ్లకిస్తుందా?"

"వేరేవాళ్లకేనండీ. మీరు అనని మాటలు కూడా మీ గొంతుతో అనిపిస్తారు."

"నచ్చని డైలాగు చెప్పమంటే నేను స్టూడియోలోంచి లేచి వచ్చేసిన రోజులున్నాయి. ఆ మిషను అలా లేచి రాగలదా అమ్మా?"

"అయితే మీ రికార్డింగులు తీసేయమంటారా?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "తీసేస్తే నేనింకెక్కడ వినిపిస్తాను? మా మనవరాలికి నా అసలు గొంతు తెలిసింది అక్కడే. అందర్నీ విననివ్వండి. నన్ను వినమనండి, నేర్చుకోమనండి. నా బదులు మాట్లాడొద్దనండి."

ఆ మాటలనే ఒక లాయరు సాయంతో కొత్త లైసెన్స్‌గా రాశాం. ఎవరైనా వినొచ్చు, పాఠాలకూ పరిశోధనకూ వాడుకోవచ్చు. కళాకారుల అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు, యంత్రంతో వాళ్ల గొంతు తయారుచేయకూడదు.

"దొంగతనంగ చేస్తే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లైసెన్స్ ఎవరి చేతులూ కట్టేయదు సార్. కానీ ఇది తప్పని నిలదీయడానికి మనకు ఆధారం ఉంటుంది."

ఆయన ఇంకోసారి చదివి సంతకం పెట్టారు. కంపెనీకి కొత్త షరతులు పంపాం. వాళ్లు మర్యాదగానే తప్పుకున్నారు.

కొన్నాళ్లకు సుగుణమ్మ గారు మా క్లాసుకు వచ్చారు. పాత రికార్డింగులో ఆవిడ చేసి వినిపించిన ఏడుపు డైలాగు విని, ఒకమ్మాయి ఊపిరి ఎలా ఆపారని అడిగింది. ఆవిడ అరచేయి పొట్ట మీద పెట్టుకుని గుసగుసగా చెబుతుంటే పిల్లలంతా బల్లలు వదిలి చుట్టూ చేరారు. ఆ పూట ఆవిడ నవ్వుతూనే ఉన్నారు.

అందరికీ అందుబాటులో ఉంచడమే నా పని అనుకునేదాన్ని. ఎంతవరకు, దేనికోసం అని గొంతు ఇచ్చినవాళ్లను అడగడం కూడా అందులో భాగమేనని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరిని రికార్డు చేసినా, రేపు యంత్రాలు ఆ గొంతుతో ఏం చేయగలవో నాకు తెలిసినంతవరకు ముందే చెబుతాను. తెలియనిది తెలియదంటాను. వాళ్లు సరేనన్నాకే మైకు పెడతాను.