ల్యాప్‌టాప్‌కి రాసిన నూనె

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా అమ్మ దానికి ప్రార్థన నూనె రాయాల్సిందే. మిక్సీకి రాసింది, నా స్కూటీ హెడ్‌లైటుకి రాసింది, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌ని కూడా వదల్లేదు. నాకు ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికి, కొత్త ల్యాప్‌టాప్ మా ఊరు జూలూరుపాడు చేరిన రోజు కూడా బొటనవేలు నూనెలో ముంచి మూత మీద చిన్న సిలువ గీసింది. ఆ తర్వాత రోజూ పొద్దున నేను పనికి కూర్చునే ముందు మూత మీద చెయ్యి పెట్టి రెండు ముక్కలు ప్రార్థన చేసేది. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ రెండు ముక్కలు వినకపోతే నాకు పని మొదలైనట్టే ఉండేది కాదు.

కొన్నాళ్లకే నీలం తెర మొదలైంది. కస్టమర్‌తో మాట్లాడుతుండగానే తెరంతా నీలమై, ఓ ఏడుపు మొహం బొమ్మ వచ్చి, దానంతటదే ఆగిపోయి మళ్ళీ లేచేది. ఒక రోజు అసలు రాదు, ఇంకో రోజు ఊపిరి తీసుకోనివ్వదు. అప్‌డేట్లన్నీ చేశాను. విండోస్ చెరిపేసి మళ్ళీ ఎక్కించాను. అడవి అంచు ఊరు, గాలి కొడితే కరెంటు పోతుంది కదా అని బ్యాటరీ మీదే నడిపి చూశాను. ఏం చేసినా తగ్గలేదు. నాదింకా ట్రైనింగే. కాల్స్ ఇలా తెగిపోతే ఉంచుకోవడం కష్టమని టీం లీడర్ మెత్తగానే చెప్పింది.

చివరికి ల్యాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, నీళ్లో టీయో ఏమైనా పడ్డాయా మేడం అని అడిగాడు అవతలి మనిషి. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాకు అంతకంటే మంచి కారణం దొరకలేదు.

"మా అమ్మ నూనె పోసిందండీ," అన్నాను.

ఫోన్ పెట్టేశాక అమ్మ తలెత్తకుండానే అంది: "పొయ్యలే బిడ్డా. రాసిన."

"ఏదైతే ఏంది, పాడైంది కదా. ఇగ నువ్వు దాని జోలికి రాకు."

పోయడం వేరు, రాయడం వేరని అప్పుడూ తెలుసు నాకు.

మర్నాటి నుంచి అమ్మ రాలేదు. చాయ్ తెచ్చినా గుమ్మం దగ్గరి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేది. నూనె సీసా బైబిల్ పక్కనుంచి ఎటో మాయమైంది.

ఆదివారం తను చర్చికి వెళ్లినప్పుడు మెమొరీ టెస్ట్ పెట్టాను. లోపం మెమొరీలోనే ఉందని తేలింది. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేంటి, మొదటి నుంచీ గుర్తున్నదే, ఒప్పుకోబుద్ధి కాలేదంతే. కొత్తది ఇంకా ఫాస్ట్‌గా నడవాలని పాత ల్యాప్‌టాప్‌లోని ర్యామ్, అదే మెమొరీ ముక్క, ఊడదీసి దీని ఖాళీ స్లాట్‌లో బిగించింది నేనే. వీడియో చూసి సొంతంగా చేశానని గొప్పలు కూడా పోయాను. ల్యాప్‌టాప్ బోర్లించి స్క్రూలు విప్పాను. లోపలంతా పొడిగా ఉంది. నూనె చుక్క కాదు కదా, జిడ్డు కూడా లేదు. పాత ముక్క పీకేశాను. నీలం తెర మళ్ళీ రాలేదు.

అన్నం తింటున్నప్పుడు చెబుదామనుకున్నాను, నీ నూనె వల్ల కాదమ్మా, నా వల్లే అని. నోటిదాకా వచ్చింది. "బాగైందమ్మా," అని మాత్రం అని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఉద్యోగం పర్మనెంట్ అయిందని మెయిల్ వచ్చిన పొద్దున, నేనే పిలిచి ప్రార్థన చెయ్యమన్నాను. వచ్చింది. చేతులు కొంగుకి బాగా తుడుచుకుంది. మూత మీద పెట్టబోయి, జానెడు ఎత్తులోనే చెయ్యి ఆపి కళ్లు మూసుకుంది.

"తండ్రీ, తెల్వక నేను చేసిన తప్పు నా బిడ్డ మీద పడకుండ కాపాడినవు. నీకు స్తోత్రం."

అప్పుడైనా చెప్పాల్సింది. కళ్లు మూసుకుని, ఆమెన్ అన్నాను.