అక్షర క్రమంలో తాతగారు

పామర్రు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గవర్నర్‌పేటలో థీసిస్‌లు టైపు చేస్తారట. డెల్టా కాలువల మీద నేను రాసిన థీసిస్‌ను గైడు అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఆధార గ్రంథాల పట్టికలో మా తాతగారిని బిరుదులతో సహా అందరికన్నా పైన పెట్టడమే కారణం. ఆ పేజీ పెద్దాయనకు చూపించాను.

"ఇక్కడ బిరుదులుండవండీ. ఇంటిపేరు, పేరు, సంవత్సరం అంతే. అక్షర క్రమంలో రావాలి."

"అలాగైతే తాతగారు తన దగ్గర పనిచేసిన గుమాస్తా కిందికి పోతారు."

"ఆయన కూడా పుస్తకం రాశారాండీ?"

"రాశాడు. తాతగారి దానికన్నా మంచిదే."

ఆయన నవ్వి, జేబులో పెన్ను తీసి నా చేతికిచ్చారు. "పక్కపక్కనే ఉంటారు లెండి. కబుర్లు చెప్పుకుంటారు."

బిరుదులు నేనే కొట్టేశాను. ఈసారి గైడు సంతకం పెట్టారు. ఈనాటికీ ఆ పేజీ తీస్తే ముందు గుమాస్తాగారి పేరే చదువుతాను.